వదిన నవ్విన ఫోటో

ఆ ఫోటో పెట్టింది మీరు. "సిస్టమ్ దానంతటదే చేసింది, ఎవరి తప్పూ లేదు" అని మీరు పంపిన జవాబు నా దగ్గర చెల్లదు. దానంతటదే పడేది వాన. ఫోటో ఎవరో ఒకరు పెడితేనే పడుతుంది. సముద్రానికి అవతల మీ పెద్ద మఠంలో కూర్చుని మా వదిన మొహాన్ని ఆరు భాషల్లో మీ సైటు గోడకెక్కించింది మీ ఎడిటర్ సిస్టర్. మొహం కావాలని పట్టుబట్టింది మీ కమిటీ. పంపి తీరాలని మా చెల్లెలి మెడలు వంచింది ఇక్కడి మఠాన్ని నడిపే మదర్. ఎక్కించేసి, ఫోన్లు బుట్టలో పడేసి, అందరూ ఒకేసారి నోళ్లు కట్టుకుని దేవుడి దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. మేం ఇక్కడ ఎవరితో మొరపెట్టుకోవాలి?

నాకు నునుపుగా రాయడం రాదు. బడి నన్ను తొందరగానే వదిలేసింది. కార్మిక సంఘం నినాదాలు గోడల మీద రాస్తూ అక్షరాలు దిద్దుకున్నదాన్ని. మర్యాదలు వెతక్కండి, జరిగింది చదవండి.

ఆ ఎండాకాలం కోర్టుకి సెలవులు. సెలవులయ్యాక వదిన సాక్ష్యం. అంతదాకా ఆవిడ ఎవరి కంటా పడకూడదు. మా ఇంటికి ఉన్న పని అదొక్కటే.

ఆవిణ్ని తీసుకొచ్చింది మా చెల్లెలు. మా చెల్లెలు మీ సన్యాసినుల సభలో సిస్టర్. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ, ఆటోలోంచి ఒక మనిషిని దింపి లోపలికి తోసి తలుపు గడియ పెట్టింది.

"అక్కా, ఒక మనిషిని తెచ్చాను."

"అడిగి తెస్తున్నావా, తెచ్చి అడుగుతున్నావా?"

"తెచ్చి చెప్తున్నాను. మా ఆశ్రయం నిండిపోయింది. పైగా అక్కడ రోజుకో మనిషి వచ్చి గేటు దగ్గర నిలబడి పోతున్నాడు."

ఆ మనిషి ఇటుకల బట్టీలో పనిచేసేది. బట్టీ గోడ పగుళ్లిచ్చిందని తెలిసీ మేస్త్రీ నిప్పు పెట్టించాడు. గోడ కూలి ఒకావిడ దాని కింద పడి చచ్చిపోయింది. శవాన్ని మోయించుకెళ్లి రోడ్డు మీద పడుకోబెట్టి, లారీ గుద్దిందని రాయించాడు. మోసుకెళ్లడం చూసినవాళ్లు ఇంకొందరు ఉన్నారు. ఒక్కొక్కళ్లే మాట మార్చారు. మిగిలింది ఈవిడ.

మా అమ్మ కళ్లు చిట్లించి కొత్త మనిషిని కాసేపు చూసింది. అమ్మకి చూపు సరిగా ఆనదు. "ఎవరడిగినా మా తమ్ముడి కూతురని చెప్తాను," అంది. "నాకు మేనకోడలు, నీకు వదిన. వరస ముందే అనుకోండి, తర్వాత నోరు తిరక్కపోతే కొంపలంటుకుంటాయి."

అలా పుట్టింది మాకు వదిన. అబద్ధానికి పెట్టుకున్న వరసే అయినా, మొదటి వారంలోనే ఆవిడ దాన్ని నిజం చేసేసింది.

"ఏం మరదలా, సంఘంలో పులిలా గాండ్రిస్తావంట, ఇంట్లో పిల్లిలా నడుస్తున్నావే?"

"నీ కోసమే కదా వదినా ఈ పిల్లి నడక."

"నా కోసమైతే మామూలుగా నడు. ఉన్నట్టుండి సద్దుమణిగిన ఇంటినే జనం తొంగి చూసేది."

నిజమే. దాక్కోవడం ఆవిడకి తెలుసు, మాకు తెలీదు. పగలు కిటికీ పూర్తిగా మూసేస్తే అనుమానం వస్తుందని సగం తెరిచి పెట్టించింది. వాకిట్లో తన చెప్పులు విప్పేది కాదు. గ్యాస్ అతను వస్తే తలుపు వెనక నిలబడి ఊపిరి కూడా లెక్కగా తీసేది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, మాట మధ్యలో ఆగిపోయేది. బండి కదిలాక ఆ మాట ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మళ్లీ మొదలుపెట్టేది. భయాన్ని అంత పొదుపుగా వాడుకునే మనిషిని నేను చూళ్లేదు. నాకలా కాదు. నేను పనిచేసేది ఆసుపత్రి బట్టలుతికే లాండ్రీలో. మెషీన్ల రొదలో నిలబడి కూడా మా ఇంటి తలుపు కొడుతున్నట్టు వినిపించేది.

చిరిగిన దుప్పట్లు ఇంటికి తెచ్చేదాన్ని, వదిన కుట్టేది. కూర్చోబెట్టి తిండి పెట్టించుకోనంది.

ఇప్పుడు మీ సైటు సంగతి. మా చెల్లెలికి అదంటే ప్రాణం. మఠం మేడ మీద గదిలో పాత కంప్యూటర్ ముందు కూర్చుని మన భాష పేజీ నడిపేది. ఏ దేశంలో ఏ సిస్టర్లు బావి తవ్వించినా, జైలుకెళ్లి ఖైదీల్ని పలకరించినా ఆ కబురు పెద్ద మఠానికి వెళ్తుంది. అక్కడ ఎడిటర్ సిస్టర్ దాన్ని తల్లి పేజీలో పెడుతుంది. అక్కణ్నుంచి ఒక్కో భాషకి ఒక్కో సిస్టర్ తర్జుమా చేసుకుంటుంది.

"మీ దేవుడికి ఇన్ని భాషలు అర్థం కావా ఏం?" అన్నాను ఓసారి.

"దేవుడికి అవుతాయి అక్కా. సిస్టర్లకే అవ్వవు."

"మరి ఫోటో?"

"ఫోటోకి తర్జుమా ఎందుకు? తల్లి పేజీలో ఒకసారి పెడితే అన్నిట్లోకీ అదే దిగిపోతుంది."

దిగిపోతుందంది. దిగినదాన్ని మళ్లీ పైకి ఎలా తీస్తారని నేను అడగలేదు, అది చెప్పలేదు.

బట్టీల నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ల గురించి చెల్లెలు ఒక వ్యాసం రాసింది. పేర్లు లేవు, ఊళ్లు లేవు. వదిన కుట్టే చేతుల ఫోటో ఒకటి కావాలంది. వదిన ముందే చెప్పింది: "చేతులు తీసుకో అమ్మా, మొహం జోలికి రాకు." చెల్లెలు అలాగే తీస్తోంది. అదే పూట నేను ధర్నాలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇల్లు చేరాను. మాట రాక చేతులతో సైగలు చేస్తుంటే అమ్మ ఆకాశం వైపు చూసి, "ఇన్నేళ్లకి నా ప్రార్థన ఆలకించావు తండ్రీ," అని దణ్ణం పెట్టింది. వదిన తలెత్తి పకపకా నవ్వింది. మా ఇంటికొచ్చాక అలా నవ్వడం అదే మొదలు. అదే క్షణంలో చెల్లెలి వేలు నొక్కుకుంది.

ఆ ఫోటో బాగుంది. అదే వచ్చిన చిక్కు. చెరిపేస్తానంటూ చెరపలేకపోయింది.

చేతుల ఫోటోతో వ్యాసం వెళ్లింది. పెద్ద మఠం నుంచి జవాబు వచ్చింది: వ్యాసం చాలా బాగుంది, ఆరు భాషల్లోనూ వేస్తాం, కానీ చేతుల ఫోటోలు మా దగ్గర కుప్పలుగా ఉన్నాయి, చదివేవాళ్లు ఒక మనిషి కళ్లలోకి చూడాలి, అది మా నియమం, మొహం పంపండి. చెల్లెలు కుదరదని రాసింది. ఈసారి జవాబు మదర్‌కి వచ్చింది. మదర్ మేడెక్కి వచ్చి, కంప్యూటర్లో ఆ నవ్వే ఫోటో చూసి, "ఇది ఉంది కదా సిస్టర్?" అంది. వద్దని చెల్లెలు చెప్పింది. "పెద్ద మఠం వాళ్లు చూసుకోవడానికి మాత్రమే. సైట్లో పెట్టరు. నేను మాటిస్తున్నాను," అంది మదర్. తర్వాత, విధేయత వ్రతం అనే మాట అంది. ఆ మాట అంటే మీ దగ్గర ఇక మాటల్లేవట.

పంపేశాక చెల్లెలు వచ్చి చెప్పింది. నా గొంతు అప్పటికి తిరిగొచ్చింది, అదంతా దాని మీదే ఖర్చుపెట్టాను. "ఎవరి మొహం ఎవరు పంపారే? నీ వ్రతం నీది. ఆవిడ మొహం నీ వ్రతంలో భాగమా?"

చెల్లెలు ఏడవలేదు. వదినే అడ్డొచ్చింది. "పోనీలే మరదలా. సముద్రానికి అవతల మా మేస్త్రీకి చుట్టాలెవరూ లేరు," అని నవ్వింది. నవ్వుతూనే లేచి, కూర్చునే పీటని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడవారకి జరుపుకుంది.

ఏడాదికోసారి మీ సభంతా మౌనానికి వెళ్తుంది. ఒక్క మఠం కాదు, ప్రపంచంలో ఉన్న సిస్టర్లంతా ఒకే వారంలో. మీ స్థాపకురాలి పండగ ముందు అదొక ఆచారం. మాట ఉండదు, ఫోన్ ఉండదు, ఉత్తరం ఉండదు. ఆ వారం సైటు బోసిపోకూడదని వ్యాసాలు ముందే వండి మూతపెట్టి, ఏది ఎప్పుడు బయటికి రావాలో తేదీలు నొక్కేసి వెళ్తారు. చెల్లెలు కూడా ఊరి బయట ధ్యానమందిరానికి వెళ్లింది. వెళ్తూ, "వచ్చేసరికి కోర్టు తెరిచే రోజులు దగ్గరపడతాయి వదినా, ఇంక కొన్నాళ్లే," అని చెప్పి వెళ్లింది.

లాండ్రీ వాకిట్లో మురికి మూటలు దింపుతున్నాం. వ్యాన్ బాబాయ్ ఫోన్ చూస్తూ మురిసిపోతూ వచ్చాడు. బాబాయ్ అంటే వరసకి కాదు. మా వ్యాన్ తోలే పెద్దాయన, లాండ్రీలో అందరికీ బాబాయే.

"ఇదుగో అమ్మాయ్, మీ ఇంటి ముందు వ్యాన్ ఆపినప్పుడు కిటికీలోంచి కనబడే మీ చుట్టమే కదూ ఈవిడ? ఎంత కళగా నవ్వుతోందో చూడు! మా చర్చి గ్రూపులో వచ్చింది. నేనూ పదిమందికి పంపాను."

చూశాను. చేతిలో మూట వదిలేసి ఫోన్ లాక్కున్నాను.

చెల్లెలి వ్యాసం మీద, చేతులు ఉండాల్సిన చోట, వదిన మొహం ఫోన్ నిండా ఉంది. వెనకాల మా కిటికీ. కిటికీలోంచి ఎదురుగా సైకిల్ షాపు. షాపు బోర్డు మీద పేరు, పేరు కింద ఫోన్ నెంబరు, ఒక్క అంకె కూడా చెరక్కుండా. ఇంటికి దారి అడగాల్సిన పని కూడా లేకుండా చేశారు.

"బాబాయ్, పంపినవాళ్లందరికీ ఫోన్ చెయ్యి. తీసెయ్యమను."

"ఎందుకే? మంచి వార్తే కదా?"

"చెయ్యి బాబాయ్!"

నా మొహం చూసి ఇంకేం అడగలేదు. కానీ ఆ పదిమంది ఇంకెంతమందికి పంపారో ఎవరు చెప్తారు?

మీ సైటు మొత్తం గాలించాను. మాతో మాట్లాడాలంటే అని ఒక నెంబరు ఉంది. చేస్తే అయిదారు భాషల్లో ఒక గొంతు ఏదేదో చెప్పింది, అందులో మన భాష లేదు. రాసి పంపడానికి ఒకే ఒక్క చోటు కనిపించింది: మీ ప్రార్థన విన్నపం ఇక్కడ రాయండి. అందులోనే రాశాను. 'ఆ ఫోటో తీసెయ్యండి, లేకపోతే ఆవిణ్ని చంపేస్తారు.' వెంటనే జవాబు వచ్చింది. 'మీ విన్నపం అందింది. మీ ఉద్దేశాన్ని మా ప్రార్థనల్లో ఉంచుతాం. శాంతి కలుగుగాక.' పిచ్చిదానిలా మళ్లీ పంపాను. మళ్లీ శాంతి కలిగించారు.

ఇంటికి పరిగెత్తి వదినకి చూపించాను. దాచి లాభం లేదు. ఆవిడ ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

"నేను ఇలా ఉంటానా?" అంది. ఫోన్ నా చేతికిచ్చి, "ఎవరెవరు చూశారు?"

"తెలీదు వదినా."

"సరే." అంతే. లేచి, తాడు మీద ఆరేసిన తన చీర తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది.

"కాస్త ఆగు, చెల్లి దగ్గరికి వెళ్లి తీయించేసి వస్తాను."

"వెళ్లిరా. నేను మడతలు పెట్టుకుంటూ ఉంటాను."

బాబాయ్ వ్యాన్ ఎక్కి ధ్యానమందిరానికి వెళ్లాను. గేటు దగ్గర ముసలి సిస్టర్ నన్ను చూడగానే పెదాల మీద వేలు పెట్టి, మౌనం అని రాసున్న పలకని చూపించింది. "చదవడం వచ్చులే అమ్మా," అంటూ పక్కనుంచి లోపలికి దూరిపోయాను.

భోజనాల వేళ. పొడుగాటి గదిలో సిస్టర్లంతా వరసల్లో కూర్చుని తలలు దించుకుని తింటున్నారు. ఒకావిడ నిలబడి ఎవరో పునీతురాలి జీవితం పైకి చదువుతోంది. ఆ చదువు, చెంచాల చప్పుడు, పైన ఫ్యాను. అంత ప్రశాంతంగా ఉంది ఆ గది. నిప్పంటుకున్న ఇంట్లో నిద్రపోయేవాళ్లని చూసినట్టుంది.

"చెల్లీ! వదిన మొహం బయటపడింది. మన భాషలోనూ పడింది. ఊరంతా తిరుగుతోంది."

చదివే ఆవిడ ఆగింది. ఎవరూ తలెత్తలేదు. ఎత్తకూడదట. చెల్లెలొక్కతే ఎత్తింది. మదర్ అరచెయ్యి ఎత్తి, మెల్లగా, "కూర్చోండి సిస్టర్. సాయంత్రం ప్రార్థన అయ్యాక చూద్దాం," అంది. గుర్తుపెట్టుకోండి. ఆ గదిలో మౌనం ముందుగా తెంపింది మీ మదరే, కూర్చోమని చెప్పడానికి.

చెల్లెలు కంచం పక్కకి జరిపింది. మూతి తుడుచుకుంది. "సాయంత్రం దాకా ఆవిడ ఉండాలి కదా మదర్," అంది. బీరువా తెరిచి, బుట్టలో చెయ్యి పెట్టి, అందరి ఫోన్ల మధ్యలోంచి తనది తీసుకుంది.

వరండాలో నిలబడి మన భాష పేజీలోంచి తీసేసింది. ఒక్క నొక్కు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయిపోయిందా?"

"మనది అయిపోయింది."

"మనది ఏంటే?"

"పెట్టడం ఎడిటర్ సిస్టర్ పెడితే అన్నిట్లో పడిపోతుంది అక్కా. తియ్యడం మాత్రం ఏ భాష వాళ్లు ఆ భాషలో తియ్యాలి. ఒకరి పేజీ ఇంకొకరు ముట్టుకోకూడదు, అది మా మర్యాద."

"పెట్టడానికి ఒక చెయ్యి చాలు, తియ్యడానికి ఆరు చేతులు కావాలా? ఎవరే ఈ మర్యాద కనిపెట్టింది?"

అది జవాబు చెప్పకుండా ఫోన్లు చేస్తూనే ఉంది. ఎడిటర్ సిస్టర్‌కి, మిగతా భాషల సిస్టర్లకి. ఎక్కడ మోగుతున్నాయో ఆ ఫోన్లు, ఏ దేశంలో, ఏ బుట్టలో. ఎవరూ ఎత్తలేదు. నేను మిగతా పేజీలు తెరిచి చూశాను. ఒక్క అక్షరం అర్థం కాలేదు. వదిన మాత్రం ప్రతి పేజీలోనూ అర్థమైంది. మేస్త్రీకీ అలాగే అర్థమవుతుంది.

చెల్లెల్ని అక్కడే వదిలి తిరిగొచ్చాను. మా వీధిలోకి వ్యాన్ తిరగ్గానే సైకిల్ షాపాయన ఎదురొచ్చాడు. ఎండలో చెమటలు కక్కుతూ, చేతులు తుడుచుకుంటూ.

"అమ్మాయ్, నాకెవరో ఫోన్ చేశారు. చెయిన్ తెగింది, షాపు ఎక్కడా అన్నారు. చెప్పాను. ఇద్దరొచ్చారు. సైకిల్ ఏదయ్యా అంటే నవ్వారు. మీ ఇంటి వైపు చూస్తూ నిలబడి, ఎవరో రావాలి, టీ తాగొస్తాం అని మలుపు తిరిగారు."

మా ఇంటి వైపంటే, మా కిటికీ వైపు. నేను దిగి నడిచానో పరిగెత్తానో తెలీదు.

వదిన అప్పటికే మూట కట్టుకుని, మా లాండ్రీ నీలం చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. కుట్టిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుంది. రోజూ నేను పట్టుకెళ్లే మూటే అది.

"వ్యాన్ ఇంజన్ ఆపకుండా ఉంచమను," అంది.

"ఎక్కడికి వదినా?"

"నీకు తెలిస్తే నీ మొహం చెప్పేస్తుంది. నీ అరుపులు బాగుంటాయి మరదలా, దాచుకోవడం నీకు చేతకాదు." నవ్వబోయి ఆగింది. "కోర్టుకి నేనే వస్తాను. నన్ను వెతక్కండి. మీరు వెతికితే వాళ్లకి దొరుకుతాను."

అమ్మ వైపు తిరిగి, "అత్తా, చివరి దుప్పటి సగంలో ఉంది. సూది దానికే గుచ్చాను, చూసి కూర్చో," అంది.

అమ్మ ఆవిడ బుగ్గలు రెండు చేతులతో తడిమి, "వెళ్లొస్తానను," అంది.

"వెళ్లొస్తా అత్తా."

మామూలు నడకతో వాకిలి దాటి వ్యాన్ ఎక్కింది. మురికి దుప్పట్ల మధ్య కూర్చుంది. నేను తలుపు వేశాను. తర్వాత బాబాయ్ చెప్పాడు: ఏదో కూడలి దగ్గర లోపల్నుంచి రేకు మీద తట్టిందట, దిగాక "ఎటు వెళ్తానో చూడకు బాబాయ్" అందట. ఆయన చూడలేదు.

వాళ్లు వచ్చారు. చెప్పులు వాకిట్లో విప్పి, నమస్కారం పెట్టి. కొట్టేవాళ్లకైతే ఎదురు తిరగడం నాకు తెలుసు. ఇంత మర్యాదకి ఎలా తిరగబడాలో తెలీదు. మంచినీళ్లడిగి తాగారు. ఒకడు ఫోన్ తీసి ఫోటోనీ కిటికీనీ మార్చి మార్చి చూశాడు.

"ఈ కిటికీయే కదమ్మా?"

"కిటికీలన్నీ ఒకలాగే ఉంటాయి నాయనా," అంది అమ్మ.

"మంచి ఫోటో. మా మేస్త్రీగారు చాలా ముచ్చటపడ్డారు." రెండోవాడు నేల మీది దుప్పటి తీసి సూది చూశాడు. "ఎవరు కుడుతున్నారు?"

"నేనే," అంది అమ్మ.

"కళ్లజోడు లేకుండానా?"

"అలవాటు."

వాడు దుప్పటి అమ్మ ఒళ్లో పెట్టాడు. "కుట్టండి, చూద్దాం."

అమ్మకి సూది కన్ను సంగతి అటుంచి సూదే కనబడదు. వేళ్లతో తడుముకుని అంచు పట్టుకుంది. పొడిచింది, లాగింది, పొడిచింది. వేలికి గుచ్చుకుని తెల్లటి గుడ్డ మీద ఎర్రటి చుక్క పడింది. మొహంలో ఒక్క నరం కదల్లేదు. ఇద్దరూ కూర్చుని చూశారు. దారం అయిపోయేదాకా చూశారు.

"చక్కగా కుట్టారమ్మా," అని లేచారు. "మళ్లీ వస్తాం. నీళ్లు చల్లగా ఉన్నాయి."

మళ్లీ మళ్లీ వచ్చారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే, "నీళ్లు తాగి వెళ్లారంటున్నావు, ఏ సెక్షన్ కింద రాయమంటావు?" అన్నారు. అంత ఎండల్లో అమ్మ కిటికీలన్నీ మూయించింది. కుర్చీ లాగిన చప్పుడైనా ఉలిక్కిపడేవాళ్లం. సంఘం మీటింగుల్లో నేను మాట్లాడుతూ మాట్లాడుతూ గుమ్మం వైపు చూసేదాన్ని. చివరికి ఇల్లు మారాం. కొత్త ఇంటికి వీధి వైపు కిటికీ లేదు. అందుకే తీసుకున్నాం.

మీ మౌనం ముగిసింది. మదర్ చెల్లెల్ని పిలిపించి రెండిటికి క్షమాపణ అడగమంది: మౌనం తెంపినందుకు, అనుమతి లేకుండా పేజీలోంచి తీసేసినందుకు. మౌనానికి అడిగింది. పేజీకి అడగనంది. దాన్ని సైటు పని నుంచి తప్పించి వంటింట్లో వేశారు.

"బయటికొచ్చెయ్యవే," అన్నాను.

"నేనొచ్చేస్తే లోపలుండి అడిగేవాళ్లెవరు?" అంది. బండ పిల్ల. మా ఇంటి పిల్లే.

కోర్టు తెరిచారు. బంట్రోతు వదిన అసలు పేరు పిలిచాడు. ఆ పేరు మేం ఇంట్లో ఎప్పుడూ వాడలేదు, అందుకని అమ్మకి ఎవర్ని పిలుస్తున్నారో ఒక క్షణం అర్థం కాలేదు. మళ్లీ పిలిచాడు. ఎవరూ లేవలేదు. మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. వాయిదా పడింది. ఇంకో వాయిదా ఉంది. అప్పటికీ రాకపోతే కేసు పోతుందని లాయరు చెప్పాడు. వదిన బతికే ఉందని నేను నమ్ముతున్నాను. వస్తానన్న మనిషి వస్తుంది, దారి ఉంటే.

దారికి అడ్డంగా మీ ఫోటో ఉంది. సిస్టర్లు ఒక్కొక్కళ్లే మౌనంలోంచి లేచి తమ తమ పేజీల్లో తీసేశారు. ఒక్క భాష మిగిలింది, ఆ భాష పేరు పలకడం కూడా నాకు రాదు. దాన్ని నడిపే ముసలి సిస్టర్ పక్షవాతం వచ్చి మంచాన పడిందట. ఆ పేజీ ఆవిడ చేతుల మీద పెరిగిందట. ఆవిడ లేచేదాకా ఎవరూ ముట్టుకోకూడదని, పని చేతిలోంచి తీసేసుకుంటే ఆవిడ మనసు విరిగిపోతుందని మీ కమిటీ తీర్మానించిందట. ఎడిటర్ సిస్టర్ ఎంతో దయగా రాసింది. ఆవిడ కోసం ప్రార్థించమని నన్ను కూడా అడిగింది.

వాళ్లు మొన్న కూడా పాత ఇంటి వీధిలో ఆ ఫోటో పట్టుకుని తిరిగారు. సైకిల్ షాపాయనకి చూపించారు. చుట్టూ అర్థం కాని అక్షరాలు, మధ్యలో వదిన. ఇప్పుడు వేరే ఊళ్లలో చూపిస్తున్నారట, బస్టాండుల్లో, సత్రాల్లో. ఎవరైనా ఏమిటని అడిగితే, మఠం వాళ్ల వెబ్‌సైట్ అండీ, తప్పిపోయింది, సిస్టర్లే వెతుకుతున్నారు అంటున్నారట. మీ పేరు చూసి జనం నమ్ముతున్నారు.

కాబట్టి వినండి. మీ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో నాకు అక్కర్లేదు. మీలో ఎవరో ఒకరు ఇవాళ లేచి ఆ ముసలి సిస్టర్ మంచం దగ్గరికి వెళ్లండి. ఫోటో చూపించండి. ఈ మనిషి ఎవరో, ఎందుకు దాక్కుందో, ఎవరు వెతుకుతున్నారో చెప్పండి. ఆవిడ మనసు విరుగుతుందో లేదో ఆవిణ్ని అడగండి. ఇన్నాళ్లూ ఒక్కరు కూడా అడగలేదట, మా చెల్లెలు కనుక్కుంది. చెయ్యి కదలకపోతే మీ చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కించండి. ఒప్పుకోకపోతే ఒప్పుకోకుండానే తియ్యండి, ఆ పాపం నా ఖాతాలో రాయండి. తీసేశామని ఆరు భాషల్లోనూ పెద్ద అక్షరాలతో వెయ్యండి, మేము ఈవిణ్ని వెతకడం లేదు, వెతికేవాళ్లు మా మనుషులు కారు అని. తర్వాత ఆ నియమం మార్చండి: ఏ మూల ఉన్న ఏ సిస్టరైనా, వంటింట్లో ఉన్నా సరే, ఒక్క నొక్కుతో అన్ని భాషల్లోంచీ తీసెయ్యగలగాలి. ఎవరి మొహమో వాళ్లు వద్దంటే ఇక మదర్ మాట చెల్లకూడదు. మీరంతా మౌనంలో ఉన్నప్పుడు ఒక్కరైనా ఫోన్ ఎత్తాలి.

నాకు ఓదార్పు రాసి పంపకండి, ప్రార్థనల్లో ఉంచకండి. వాయిదా దగ్గరపడుతోంది. ఫోటో తియ్యండి.